ఎండమ్మకు పుట్టిల్లు దొరికింది

ఒకప్పుడు ఎండకు ఇల్లంటూ లేదు. ప్రతి ఊళ్ళోనూ తలా గుప్పెడు చొప్పున కాసి పోయేది. ఆ రోజుల్లో బెజవాడ వాళ్ళు నడివేసవిలో గొంగళ్ళు కప్పుకుని పడుకునేవారు. ఆ గొంగళి ముక్క ఒకటి ఎవరింటి అటక మీదో ఇంకా ఉందంటారు.

ఎండమ్మ మొగుడు వడగాలి. పిల్లలిద్దరు, ఉక్కపోతా చెమటకాయా. నలుగురూ ఇలా రోజుకో ఊరు తిరుగుతుంటే ఎండమ్మ తండ్రి సూర్యుడికి విసుగొచ్చింది. రోహిణి కార్తె దాటేలోగా ఏదో ఒక ఊరు చూసుకోమన్నాడు, లేదంటే ఎడారికి కాపరం పంపేస్తానన్నాడు. ఎడారిలో పలకరించే దిక్కెవరు? నలుగురు తన గురించి మాట్లాడుకోకపోతే ఎండమ్మకు అన్నం సయించదు మరి.

అప్పట్లో గొప్ప ఊళ్ళు రెండే, విశాఖపట్నం, బెజవాడ. రెండింటికీ పడేది కాదు. ఈ ఊరి కాకీ ఆ ఊరి కాకీ రాజమండ్రిలో ఎదురుపడితే మూడు రోజులు ఈకలు ఎగిరేవి. ఎండమ్మ రెండూ చూసే తేల్చుకుందామనుకుంది. పిల్లలున్నారంటే ఇల్లు ఇవ్వరని భయపడి, మొగుణ్ణీ పిల్లల్నీ ఒక మబ్బు వెనక దాచి ఒంటరిగా బయల్దేరింది.

ముందు విశాఖపట్నం. ఒడ్డున నూకరాజనే జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. ఎంత మర్యాదస్తుడో! కూర్చోమన్నాడు, సముద్రం చూపించాడు, కొండ చూపించాడు, మళ్ళీ సముద్రం చూపించాడు. ఎండమ్మ తన ప్రతాపం చూపిద్దామని ఇసుక మీద పరుచుకుని కాసింది. ఆ ఇసుకలో ఎవరో పారబోసుకున్న పల్లీలు వాటంతటవే వేగిపోయాయి. ఇంతలో సముద్రం గాలి వచ్చి, కాస్త జరుగమ్మా అంటూ ఆవిణ్ణి పక్కకు నెట్టేసింది.

ఎండమ్మ ఉండబట్టలేక, ఇవాళ నేనెలా కాశానని నూకరాజును అడిగింది.

"నువ్వు కాసినావా తల్లీ? గాలి బాగుంటే మాకేటీ తెలీదు" అన్నాడు అతను, వల మీంచి తలెత్తకుండా.

సాయంత్రం ఊరు ఊరంతా ముంత మసాలా పొట్లాలు పట్టుకుని, ఆవిడకు వీపు చూపించి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట కోసమే కదా ఆవిడ వచ్చింది. ఏడుద్దామంటే కన్నీళ్ళు పుట్టకముందే ఆరిపోయాయి.

మర్నాడు బెజవాడలో అడుగు పెట్టిందో లేదో, ఏడు వీధులు లేచి కూర్చున్నాయి. డాబా మీద వడియాలు పెడుతున్న తిరపతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని తిట్లు మొదలెట్టింది. కృష్ణ ఒడ్డున మొదలైన తిట్టు కొండెక్కి దిగొచ్చినా ఆగలేదు. పక్కింటావిడ అందుకుంది, ఎదురింటాయన కలిపాడు. పొద్దుగూకేలోపు నలభై వేలమంది ఎండమ్మ పేరెత్తారు.

ఎండమ్మ పొంగిపోయింది. తిట్లు సరిగ్గా వినపడాలని ఇంకాస్త కిందికి దిగింది. అంతే, వడియాలు గలగలమన్నాయి, మిరపకాయలు కళ్ళముందే ముడుచుకుపోయాయి. తిరపతమ్మ నోరు మధ్యలో ఆగిపోయింది. గంగాళాల్లో ఇంకా నలభై చాపలకు సరిపడా పిండి ఉంది, వాన పడితే అంతా నేలపాలే.

అది రోహిణి కార్తె ఆఖరి రోజు. తిట్టినవాళ్ళే తప్ప ఉండమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎడారికి పోవాలి కాబోలని ఎండమ్మ దిగులుగా లేస్తుంటే తిరపతమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది.

"నా పిండి పులిసిపోతుంటే ఎక్కడికే పోయేది? నీకెవరున్నారు అసలు?"

"ఎవరూ లేరు పిన్నిగారూ" అంది ఎండమ్మ, మబ్బు వైపు చూడకుండా.

బెజవాడలో తిట్టు వచ్చినంత వేగంగానే జాలీ వస్తుంది. తిరపతమ్మ గబగబా బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెట్టి, ఏడు వీధులకూ వినపడేలా చెప్పింది. "ఇవాళ్టినుంచి నువ్వు నా కూతురివి. ఏటా వేసవికి పుట్టింటికి రావాలి. వడియాలు ఎండేదాకా కదిలావంటే ఊరుకోను."

పైనుంచి విన్న సూర్యుడు అమ్మయ్య అనుకుని, ఎడారి మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు తిరపతమ్మ తలుపు తీసేసరికి గుమ్మంలో ఎండమ్మ, వెనక మూటతో వడగాలి, చెరో పక్కా పిల్లలు. అల్లుడు వస్తూనే దండెం మీది చీరలన్నీ గుంటూరుకు ఎగరగొట్టాడు. ఉక్కపోత ఒళ్ళోకెక్కి దిగనంది. చెమటకాయ అందరి వీపులూ ఎక్కింది.

"ఎవరూ లేరన్నావు కదే?"

"చెబితే రానిస్తావో రానివ్వవోనని, అమ్మా."

తిరపతమ్మ పొమ్మనడానికి నోరు తెరిచింది. ఏడు వీధులూ చూస్తున్నాయి. బొట్టు పెట్టి పిలిచిన ఆడపిల్లను గుమ్మంలోంచి పంపడం ఎలా? తెరిచిన నోటితోనే, "కాళ్ళు కడుక్కుని రండి. అల్లుడుగారూ, తలుపు కాస్త నెమ్మదిగా" అంది.

అప్పటినుంచే ఎండమ్మ విశాఖపట్నానికి చుట్టపుచూపుగా వెళ్ళి, సముద్రం గాలి రాగానే సర్దుకుంటుంది. బెజవాడలో మాత్రం మొగుడూ పిల్లలతో దిగి, వడియాలూ మిరపకాయలూ ఎండాక, మనుషులు కూడా ఎండేదాకా కదలదు. ఊరంతా తిడుతూనే ఉంటుంది. పుట్టింటివాళ్ళకు నేనంటే ఎంత ప్రాణమో అని మురిసిపోతూ, ఆవిడ ఇంకాస్త కిందికి దిగుతూనే ఉంటుంది.