ఊరి మాట కట్టిన వేషం

మహీధరరాయలవారికి ఒకనాటి పొద్దున్నే ఓ ముచ్చట పుట్టింది. రాజులకు ముచ్చట పుట్టడానికేం, పుడుతూనే ఉంటుంది. దాన్ని మోయాల్సింది మాత్రం ఊళ్ళోవాళ్ళు!

"ఇకనుంచి ఊరి మాటే నా మాట" అని రాయలవారు చాటింపు వేయించారు. "కొలువుకి ఎవరైనా రావచ్చు, ఎవరి గురించైనా చెప్పవచ్చు. పేరు అడగం, ఊరు అడగం. నలుగురూ ఏదంటే అదే తీర్పు."

వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆ చాటింపు మంత్రి వల్లభయ్య చెవిన కూడా పడింది. అదీ తంటా!

చెరువు కింద వల్లభయ్యకి చెరకు తోట ఉంది. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేవాడు నీరుగంటి ఎల్లన్న. "ముందు నా తోటకి వదలవోయ్" అని మంత్రి కబురు పెడితే, ఎల్లన్న తలపాగా తీసి దండం పెట్టి మరీ కాదన్నాడు.

"మంత్రిగారి చెరకైనా, ముసలమ్మ మడైనా, వంతు వంతేనయ్యా."

అంతే! వారం తిరక్కుండా కొలువులో ఎల్లన్న మీద మాటలు మొదలయ్యాయి. ఒక రైతు వచ్చి, ఎల్లన్న దొంగచాటుగా నీళ్ళు అమ్ముకుంటున్నాడని ఏడ్చాడు. ఒక షావుకారు వచ్చి, అవును నేనూ చూశానన్నాడు. ఒక బైరాగి వచ్చి, వాడి పాపం వల్లే వానలు వెనకబడ్డాయన్నాడు. వెళ్తూ వెళ్తూ అందరూ ఒకే మాట అనేవారు:

"వల్లభయ్యగారే లేకపోతే ఈ రాజ్యం ఏమైపోయేదో!"

ఆ మాట వచ్చినప్పుడల్లా వల్లభయ్య సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని మీసం దువ్వుకునేవాడు.

"చూశావా ఓబుళమ్మా! ఊరు ఊరంతా ఒకే మాట మీద ఉంది" అన్నారు రాయలవారు, తనకి తాంబూలం అందించే ఓబుళమ్మతో. ఆమె చేతిలో అడకత్తెర ఎంత పదునో, నోట్లో మాట అంతకంటే పదును.

"మన ఊరు ఒకే మాట మీద ఎప్పుడుంది ప్రభూ? వానొస్తే రైతు నవ్వుతాడు, కుమ్మరి ఏడుస్తాడు. ఎల్లన్న విషయంలోనే అందరికీ అంత పొత్తెలా కుదిరిందంటారు?"

"నిప్పు లేనిదే పొగ రాదు!"

"పొగ పెట్టేవాళ్ళుంటే వస్తుంది ప్రభూ."

రాయలవారికి చుర్రుమంది. "రేపు ఎల్లన్నను రాజ్యం దాటిస్తున్నాం. ఈలోగా ఆ పొగ పెట్టేవాళ్ళెవరో చూపించు. చూపించలేకపోయావో, నువ్వూ వాడి వెంటే నడు!"

పాపం, ఎల్లన్న గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఓబుళమ్మను చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నీళ్ళు మళ్ళించడం వచ్చుగానీ, మాటలు మళ్ళించడం నాకు రాదమ్మా. నా కోసం నువ్వెందుకు ఇరుక్కున్నావు?"

"నువ్వు ఊరుకో ఎల్లన్నా! నీ మీద చెప్పేవాళ్ళ ఏడుపు చూశావా? ఏడ్చి, ఆగి, చుట్టూ చూసి, మళ్ళీ ఏడుస్తున్నారు. నిజంగా కడుపు కాలినవాళ్ళు ఎవరు చూస్తున్నారని చూసుకుంటారా?"

మర్నాడు కొలువు కిటకిటలాడింది. రైతు, షావుకారు, బైరాగి అంతా దిగారు. వాళ్ళతోపాటు ఓ తెల్లజుట్టు ముసలమ్మ వచ్చి, "ఎల్లన్న నా మడి ఎండగట్టాడు నాయనో!" అని గుండెలు బాదుకుంటూ శోకాలు తీసింది. భటులు కూడా ముక్కులు చీదుకున్నారు.

ఉన్నట్టుండి ఓబుళమ్మ లేచి చప్పట్లు కొట్టింది.

"భళా! భళా! ఏడుపంటే ఇదీ! ప్రభూ, మీ చేతి కడియం ఇలా ఇప్పించండి. ఈ వేషం కట్టినవారికి రాయలవారి చేతిమీదుగా బహుమానం!"

రాయలవారు తెల్లబోయి కడియం తీసిచ్చారు. ముసలమ్మ ఏడుపు టక్కున ఆగింది. ఓరకంట మంత్రిని చూసింది. మంత్రి వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. ముసలమ్మ పెదవి కొరుక్కుని ఊరుకుంది.

"ఎవరూ రారేం?" అంది ఓబుళమ్మ. "పోనీలెండి. షావుకారు వేషానికే ఇచ్చేద్దాం. నన్నడిగితే అదే బాగా కుదిరింది."

"ఎవరికీ? వాడికా!" ముసలమ్మ మగగొంతుతో గర్జించింది. "వాడి మీసం నిన్ననే రెండుసార్లు ఊడింది! ఈ కాటయ్య ఉండగా వాడికి కడియమా? తాతల నాటినుంచీ పగటివేషాలు కట్టే ఇల్లు తల్లీ మాది!" అంటూ తెల్లజుట్టు పీకి నేలకేసి కొట్టాడు.

"నాది ఊడిందా? నువ్వు కొంగు తట్టుకుని పడబోతే పట్టుకున్నదెవరు?" అని షావుకారు మీసం పీకేశాడు. "అసలు కష్టమంతా నాదైతే మీ గోలేంటి?" అంటూ బైరాగి జడలు ఊడదీశాడు. రైతు మాత్రం ఎందుకు ఊరుకుంటాడు, వాడూ గడ్డం పీకాడు.

వల్లభయ్య గబుక్కున లేచాడు. "ప్రభూ! వీళ్ళెవరో నాకు తెలియనే తెలియదు!"

కాటయ్య కడియం కేసి చూస్తూ, అలవాటు కొద్దీ దండం పెట్టి అనేశాడు:

"వల్లభయ్యగారే లేకపోతే మా దళం ఏమైపోయేదో!"

కొలువంతా గొల్లుమంది. రాయలవారికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. "మరి ఇన్నాళ్ళూ నేను విన్నది ఊరి మాట కాదా? అసలు ఊరెక్కడుంది ఓబుళమ్మా?"

"పొలంలో ఉంది ప్రభూ. ఎల్లన్న వదిలిన నీళ్ళు పెట్టుకుంటోంది. ఇక్కడికొచ్చి మాట్లాడే తీరిక దానికెక్కడిది?"

రాయలవారు పగలబడి నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి ఓబుళమ్మకిచ్చారు. ఇచ్చిన మాట పోకూడదని కడియం కాటయ్యకే దక్కింది. కాకపోతే అతని దళం వేషం లేని ముఖాలతో వీధి వీధికీ తిరిగి, చేసిన పని చెప్పుకోవాలి. వల్లభయ్య మంత్రి పదవి ఊడింది.

ఎల్లన్న ముందుకొచ్చి దండం పెట్టాడు. "సెలవిప్పించండి ప్రభూ, దక్షిణపు మడులకి నీళ్ళు వదలాలి."

"మరి వల్లభయ్య చెరకుకో?" అన్నారు రాయలవారు నవ్వాపుకుంటూ.

"దానికేం ప్రభూ, వంతు రాగానే వదులుతాను."