గవర్రాజు ఎర్ర కారు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యగా కొండెక్కే తారురోడ్డొకటి ఉండేది. ఆ రోడ్డంటే గవర్రాజు అనే కుందేలుకి ప్రాణం. ఎందుకంటారా? అతని దగ్గర ఇద్దరు పట్టే చిన్న ఎర్ర కారు ఉంది. పైకప్పు లేదు. అలా తొక్కితే చాలు, రయ్యిమని దూసుకుపోతుంది. చెవులు గాలికి వెనక్కి వాలిపోతుంటే గవర్రాజుకి ఎక్కడలేని హుషారు వచ్చేది. కారంటే ఇష్టపడటం తప్పేం కాదర్రా, ఆ మాట ముందే చెబుతున్నాను.

అయితే ఒక చిక్కుంది. కుందేలు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే వెనకాల ఎవరున్నారో చూడగలదు గానీ, సరిగ్గా ముక్కు ముందున్నది కనపడదు. అందుకే ఆ అడవి కుందేళ్ళు నాలుగు గెంతులకోసారి ఆగి, తల అటూ ఇటూ తిప్పి చూసుకునేవి. గవర్రాజూ నడిచేటప్పుడు అలాగే చేసేవాడు. కారెక్కాక మాత్రం ఆ అలవాటు గాలికి వదిలేశాడు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు కూడా ఉంది. రోడ్డు మీద కాలు పెట్టినవాళ్ళు దాటేదాకా రోడ్డు వాళ్ళదే. ఏనుగైనా ఆగాల్సిందే.

ఒకరోజు పొద్దున్నే గవర్రాజు కొండ దిగుతున్నాడు. మొదటి మలుపులో ఉడతలు, "అబ్బ! ఏం బండిరా!" అని కేకలు వేశాయి. గవర్రాజు వేగం పెంచాడు. రెండో మలుపులో కోతులు చప్పట్లు కొట్టాయి. "ఇంతేనా? ఇంకా పోనీ గవర్రాజూ!" అన్నాయి. ఇంకా పెంచాడు. వెనకాల గంతులేస్తున్న కోతులే అతని కళ్ళనిండా ఉన్నాయి.

మూడో మలుపులో మంగాయమ్మ అనే పూరేడు పిట్ట ఆరుగురు పిల్లలతో వాగుకి వెళ్తోంది. ఐదుగురు దాటారు. ఆఖరివాడు ఇంకా రోడ్డు మధ్యలోనే ఉన్నాడు.

"ఆగవయ్యోయ్!" అని మంగాయమ్మ అరిచింది.

గవర్రాజు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. కారు గిర్రున తిరిగి పక్క గుంటలో దిగబడింది. పిల్లాడి మీదికి చక్రం ఎక్కలేదు గానీ, బంపరు తగిలి కాలు విరిగింది.

"నాకు కనపడలేదక్కా," అన్నాడు గవర్రాజు కారు దిగి పరుగెత్తుకొస్తూ.

"కనపడలేదా? నువ్వు చూడలేదా?" అంది మంగాయమ్మ.

చప్పట్లు కొట్టిన కోతుల్లో ఒక్కటీ దిగి రాలేదు. గవర్రాజే పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని, ఎలుగు వైద్యుడి దగ్గరికి నడిచే వెళ్ళాడు. వైద్యుడు కాలికి పుల్ల వేసి కట్టు కట్టాడు.

"ఆ కారుని లోయలోకి తోసేస్తానక్కా!" అని గవర్రాజు ఏడ్చాడు.

"తోసేస్తే నీ మనసు తేలికపడుతుంది. నా పిల్లలకి ఒరిగేదేంటి?" అంది మంగాయమ్మ. "నువ్వు నడుపు. రోజూ మేం దాటే వేళకే రా. వచ్చి ఆగు. మేం దాటాక వెళ్ళు. అది చాతనవుతుందా నీకు?"

మర్నాటి నుంచీ గవర్రాజు అలాగే వచ్చాడు. ప్రతి మలుపులో నెమ్మదించి తల తిప్పి చూసుకున్నాడు. "ఎద్దుబండి గవర్రాజు!" అని కోతులు వెక్కిరిస్తే మొహం మాడ్చుకున్నాడు గానీ వేగం పెంచలేదు. నెమ్మదిగా పోతుంటే అడవిమల్లెల వాసన తెలిసింది. ఇన్నాళ్ళూ అవి ఆ రోడ్డు పక్కనే ఉన్నాయి మరి!

నెల గడిచింది. కట్టు విప్పిన పిల్లాడు కుంటుకుంటూ దాటుతూ, ఆగి ఉన్న కారు ముందు నిలబడ్డాడు. "మామా, నన్నోసారి ఎక్కించుకోవా?" అన్నాడు.

గవర్రాజు ఇంజను ఆపేసి మంగాయమ్మ వైపు చూశాడు. ఆమె ఒకసారి కారునీ, ఒకసారి పిల్లాడి కాలినీ చూసింది. అతను బతిమాలనూ లేదు, తొందరపెట్టనూ లేదు.

చివరికి మంగాయమ్మ పిల్లాణ్ణి తీసుకుని పక్క సీట్లోకి ఎగిరి కూర్చుంది.

"పోనియ్ తమ్ముడూ," అంది.

మిగతా ఐదుగురూ మా వంతెప్పుడని ఒకటే గోల.

నీతి: బండి సరదా మనదే గానీ రోడ్డు అందరిదీ. ముందెవరున్నారో చూసుకుని నడిపేవాడికే ఆ సరదా దక్కుతుంది.