ఈదమ్మ ఎర్రగుట్ట

ఊఁ కొడితే కొట్టండి, కొట్టకపోయినా చెబుతాను. అనగనగా ఒక రాజధాని. అందులో ఒక కోట, ఒక గోరీల తోట, అన్నిటికన్నా ఎత్తుగా ఒక బురుజు. చూడటానికి దేశదేశాల నుంచి జనం వచ్చేవాళ్లు. బురుజు మెట్లు ఎక్కలేని వాళ్లను, వీపుకు పీట కట్టుకుని పైకి మోసేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లలో గట్టయ్య ఒకడు.

గట్టయ్య పెళ్లాం ఈదమ్మ. జబ్బు చేసి ఆమె కాళ్లు పడిపోయాయి. బురుజు కిందే వాళ్ల గుడిసె. ఏటి అవతల ఎర్రగుట్ట ఉంది, గుట్ట కింద ఆమె పుట్టిన ఊరు ఉంది. ఇక నడిచి వెళ్లే రాత లేదు. బురుజు మీది నుంచైనా ఒక్కసారి ఆ గుట్టను చూడాలని ఆమె కోరిక. అంతకన్నా ఏమీ అడగలేదు, పాపం.

"నన్నొకసారి పైకి తీస్కపోరాదూ?" అంది.

"ఇంటిమనిషిని బతికుండంగ మొయ్యొద్దే. ఒక్కసారే మొయ్యాలె, కాటికి," అన్నాడు గట్టయ్య.

మోతగాళ్ల కట్టడి అది. బతికుండగా మోస్తే చావును ఇంటికి పిలిచినట్టేనని వాళ్ల భయం. ఎవడు పెట్టాడో గానీ, వాడి నోట మన్ను పడ.

ఎండాకాలం అడిగింది, మొయ్యనన్నాడు. వానాకాలం అడిగింది, మొయ్యనన్నాడు. చలికాలం వచ్చేసరికి అతన్ని అడగడం మానేసి, బురుజు దిగి వచ్చేవాళ్లను అడగసాగింది, ఎర్రగుట్ట కనపడ్డదా అని. షావుకారు కోటను చూశానన్నాడు. పండితుడు గోరీలను చూశానన్నాడు. కొత్త పెళ్లికూతురు రాజుగారి ఏనుగులను చూశానంది. గుట్టను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. రోజూ ఎక్కే గట్టయ్య కూడా చూడలేదు. బరువుతో వంగిన వాడి కళ్లు మెట్ల మీదే ఉండేవి.

ఆ చలికాలంలోనే ఈదమ్మ చచ్చిపోయింది.

ఇప్పుడిక కట్టడి అడ్డం లేదు. గట్టయ్య ఆమెను పీట మీద కట్టుకున్నాడు. తోటివాళ్లు కాటికి దారి తీశారు. వాడు మాత్రం బురుజు ఎక్కాడు. వద్దని అరిచినా ఎక్కాడు. పైన కిటికీ దగ్గర మొదటిసారి తలెత్తి చూశాడు. ఏటి అవతల ఎర్రగుట్ట. వెతకాల్సిన పనే లేదు, ఎదురుగానే ఉంది.

"కనపడ్తున్నదే ఈదమ్మా," అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అనబోయి ఏడ్చాడు. చచ్చినవాళ్లకు ఏం చూపిస్తాం?

ఆమెను మట్టి చేసి వచ్చాక గట్టయ్య మళ్లీ ఎవరినీ మోయలేదు. ఆ దిగులుతోనే పోయాడు.

అప్పటి నుంచి అక్కడి మోతగాళ్లు కొత్త పీట కట్టుకుంటే ముందు ఇంటివాళ్లనే పైకి మోస్తారు. చూడవచ్చినవాళ్లు కోటకన్నా ముందు ఎర్రగుట్టను చూస్తారు. దిగి వచ్చాక ఆ గుడిసె ఉన్న చోట ఒక్క క్షణం ఆగుతారు. అడిగే మనిషి లేకపోయినా, "కనపడ్డది ఈదమ్మా," అని చెప్పి వెళతారు.