మూరెడు అవతల గడ్డి

అడవి అంచున ఒక వాగు. చలి వెళ్ళిపోయే రోజుల్లో దాని ఒడ్డున ఇప్పపూలు రాలుతుంటాయి. పొద్దెక్కేదాకా పొగమంచు కదలదు. ఆ పూల వాసనకు అటు వచ్చిన ప్రాణి ఏదైనా సగం నిద్రలో ఉన్నట్టే నడుస్తుంది. మైలన్న అనే ముసలి ఎద్దు మాత్రం నడవడం లేదు, పడుకుని ఉన్నాడు.

పదిహేనేళ్ళు కాడి మోసిన వాడు. ఇక మేసుకుని తిరగమని యజమాని వదిలేస్తే, వాగు రాళ్ళ మీద జారి తుంటికి దెబ్బ తగిలించుకున్నాడు. ఎముక విరగలేదు గానీ లేవబోతే నొప్పి, ఆ నొప్పంటే భయం. భయపడి పడుకునేకొద్దీ కాళ్ళు కట్టెలైపోయాయి.

ఒక నక్క రోజూ పచ్చగడ్డి తెచ్చి మూతి దగ్గరే పెట్టేది.

"కదలకు మామా! ఈ వయసులో నీకెందుకీ శ్రమ? నేను లేనూ?"

"సొంతవాళ్ళు కూడా ఇంత చెయ్యరు అల్లుడూ," అని మైలన్న కళ్ళు మూసుకునేవాడు. నిద్రలో తడిసిన దుక్కి కనిపించేది. ముందు తెల్లకొంగలు, వెనక నాగలి. నాలుగు కాళ్ళూ ఆడేవి. మెలకువ రాగానే ఆగిపోయేవి.

వాగులో ఉండే ముసలి తాబేలు పిచ్చమ్మ నిద్రలో ఆడే ఆ కాళ్ళను చూసింది. ఒకరోజు పొద్దున్నే నక్క తన చుట్టంతో అంటున్న మాటలు కూడా విన్నది.

"పౌర్ణమికి మా అమ్మాయి పెళ్ళి. అందరూ రండి. ఎద్దు లేవలేక పడి ఉంది, ఇంకాస్త ఒళ్ళు చేయనీ."

పిచ్చమ్మ పరుగున బయల్దేరి మధ్యాహ్నానికి మైలన్నను చేరింది. సంగతి విని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"తిననీ అక్కా. అడుగెయ్యలేని బతుకు ఎవరి నోట్లో పడితేనేం?"

"నిద్రలో పొలమంతా దున్నేస్తున్నావు. మెలకువలో మూరెడు జరగలేవూ?"

మైలన్నకు చావాలని లేదు. ఆ మాట ఒప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"నొప్పెడుతుందక్కా," అన్నాడు చివరికి.

"పెడుతుంది. రోజుకు కాస్త ఓర్చుకో."

మర్నాడు నక్క రాగానే పిచ్చమ్మ ముక్కు చిట్లించింది.

"ఏమయ్యా, మూతి కిందే పెడితే గడ్డి అంతా చొంగ. చొంగ పడిన గడ్డి ఏ పశువు ముడుతుంది? సగం వదిలేశాడు చూడు. మూరెడు అవతల పెట్టు, ఇష్టంగా తింటాడు. రేపు ఇంకో మూర జరుపు, నేల కూడా శుభ్రంగా ఉండాలి."

బక్కచిక్కిన ఎద్దు, మూతి ముడుచుకున్న వియ్యాలవారు నక్క కళ్ళ ముందు మెదిలారు. "అలాగే పిచ్చమ్మా!" అంది.

తొలిరోజు మెడ చాచినా గడ్డి అందలేదు. నక్క వెళ్ళాక మైలన్న ముందుమోకాళ్ళ మీద ఈడ్చుకుంటూ వెళ్ళి, రొప్పుతూ తిన్నాడు. నాలుగోనాడు నడుము లేచింది, కూలబడింది. ఎనిమిదోనాడు వణుకుతూ నిలబడ్డాడు.

"ఇప్పుడు వాగులోకి దిగు. సగం బరువు నీళ్ళు మోస్తాయి," అంది పిచ్చమ్మ.

ఛాతీ లోతు నీళ్ళలో మైలన్న అడుగు తీసి అడుగు వేశాడు. పక్క నుంచి ఇప్పపూలు తేలిపోతున్నాయి. ఒళ్ళు దూదిలా ఉంది.

"అక్కా, ఇది కలా?"

"తుంటి నొప్పిగా ఉందా?"

"ఉంది."

"అయితే కల కాదు, నడువు."

నక్క వచ్చే వేళకు మాత్రం ఒడ్డున పడుకుని ఉండేవాడు. "నిగనిగలాడుతున్నావు మామా!" అని మురిసిపోయేది నక్క.

పౌర్ణమినాటి సాయంత్రం పెళ్ళివారు లొట్టలేస్తూ వచ్చారు. ఒడ్డున ఎద్దు లేదు. అవతలి గట్టున నిలబడి, మొలిచిన గడ్డిని మొదలంటా కొరుకుతోంది.

"మామా! నడిచావా?"

"కుంటుతూనే అల్లుడూ. ఆ కాలు మునుపటిలా కాదులే. మిగతా మూడూ, రెండు కొమ్ములూ మాత్రం బాగున్నాయి. ఇలా రా, చూద్దువు గాని."

నక్క ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు. వెనక నుంచి వియ్యంకుడు, "విందేదయ్యా?" అన్నాడు. పొద్దున నక్క తెచ్చిపెట్టిన గడ్డి తప్ప ఆ ఒడ్డున ఇంకేమీ లేదు.

నీతి: పెద్దవాళ్ళకు అన్నీ మంచం దగ్గరికే తెచ్చివ్వడం కన్నా, వాళ్ళ అడుగు వాళ్ళను వెయ్యనివ్వడమే అసలైన సేవ.