పదిహేడమ్మ చింతలకుదురులో నిలిచిన వృత్తాంతం

పల్నాటి సీమలో నాగులేటి ఒడ్డున ఉన్న చింతలకుదురు గ్రామానికి తూర్పున, పత్తిచేల నడుమ ఒక పెద్ద మట్టిదిబ్బ కనిపిస్తుంది. దానిపై రేకుల కప్పు కింద, చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చున్న తెల్లరాతి తల్లే పదిహేడమ్మ. నరసరావుపేట నుంచి వచ్చే బస్సు దిబ్బ మొదట్లోనే ఆగుతుంది. దూరప్రాంతాల భక్తులు ఆ పేరు విని, అమ్మవారు పదిహేడుగురు అక్కచెల్లెళ్ళలో కడగొట్టుదా అని అడుగుతుంటారు. సంగతి అది కాదు.

పూర్వం ఇక్కడ, తెల్లదొరల ఏలుబడిలో, విట్‌కోంబ్ అనే దొర డేరా వేశాడు. పాతకాలపు కట్టడాలను తవ్వి తీయడం ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం ఇటుకల కొలతలు తీస్తుండేవాడు గనుక ఊరివారు ఆయనను ఇటుకల దొర అన్నారు. తన పేరునే వీరు కాస్త వంకరగా పలుకుతున్నారనుకుని దొర కూడా పలికేవాడు. ఆయన తెలుగును మద్రాసులో ఒక పండితుని వద్ద, పాత గ్రంథాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు.

దిబ్బ తవ్వే కూలీలలో బత్తుల సింగరమ్మ ఒకతె. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలను గడ్డపార మీదే సాకుతున్న మనిషి. ఆమెది ఎడమచేతి వాటం. ఒకనాటి ఉదయం ఆమె వేసిన పోటుకు మట్టిలోంచి ఠంగుమని చప్పుడు వచ్చింది. చేతులతో తోడి చూస్తే అమ్మవారి ముఖం. పక్కనే ఉసిరికాయంత ముక్కు. రాతికి గీటు పడితేనే దొర కూలీని పనిలోంచి తీసేసేవాడు. ఆమె ముక్కును రొంటిన దోపుకుని, ఆ తర్వాతే కేక వేసింది.

దొర ఆనందానికి మేర లేదు. దిబ్బలో దొరికినవాటిలో అది పదిహేడవది కావడంతో, విగ్రహం వెనుక తెల్లరంగుతో ఆ అంకె వేయించాడు. ఆనాటి నుంచే జనం పదిహేడమ్మ అని పిలవసాగారు. పిమ్మట దొర సింగరమ్మ వైపు తిరిగి, "అమ్మా, నాసిక ఎచ్చట నున్నది?" అని అడిగాడు.

ఆమె అదేదో ఊరనుకుంది. "నాకు తెలవదు దొరా. నేను నరసరావుపేట దాటి పోలేదు" అంది.

మూడు రోజులు మట్టి జల్లించినా ముక్కు దొరకకపోయేసరికి దొర వ్యాసం రాయడానికి కూర్చున్నాడు. వెయ్యేళ్ళనాడు ఉత్తరాది సైన్యం ఒకటి వచ్చిపడిందని, దాని సేనాని గుర్రం మీద నుంచే కత్తి విసిరి ఈ ముక్కు కోశాడని, దెబ్బ పడిన తీరును బట్టి అతనిది ఎడమచేతి వాటమని నలభై పుటలు రాసి, ఓడలో లండనుకు పంపాడు. విగ్రహాన్ని మద్రాసు తరలించడానికి గడ్డి పరిచిన బండి కూడా సిద్ధమైంది.

బండి కట్టే రోజు మధ్యాహ్నం సింగరమ్మ జొన్న సంకటి తిని, తుమ్మచెట్టు నీడన కునుకు తీసింది. కలలో అమ్మ వచ్చింది. పడిశం పట్టినదాని గొంతుతో, "సింగరమ్మా, పరాయి ఊరు పోతున్నా. నలుగురిలో ముక్కు లేకుండా ఎట్టా కూచునేది? నా ముక్కు నాకియ్యి" అంది. తిట్టి ఉంటే సింగరమ్మ తట్టుకునేదే. అమ్మ బతిమాలింది.

ఆమె లేచి నేరుగా డేరాలోకి పోయి ముక్కును బల్లమీద పెట్టింది. "సేనాపతి ఎవరూ లేడు దొరా. నేనే పొడిచా. పని పోతదని దాచా. పిల్లలున్నారు."

దొర నమ్మలేదు. గడ్డపార చేతికిచ్చి, పొడిచి చూపమన్నాడు. ఆమె ఎడమచేతిని ముందుకు పెట్టి పట్టుకోగానే ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నలభై పుటల్లో నిజమని తేలింది అదొక్కటే.

దొర బల్లమీది ముక్కును చేతిలోకి తీసుకున్నాడు. "ఓడ వెడలిపోయినది. ఈ విగ్రహము ముక్కుతో కూడ మద్రాసు చేరినచో పండితులు నన్ను చూచి నవ్వుదురు. ఏమి చేయుదును?"

"నా తప్పు నేను చెప్పుకున్నా. మీ సంగతి మీకే తెలియాల. అమ్మనైతే ఈడనే ఉంచండి దొరా, ఆమెకు ప్రయాణం బాధ తప్పుతది" అంది సింగరమ్మ.

దొర తన పుస్తకంలో పదిహేడో అంకె ఎదుట, కదిలించినచో పగులును గనుక ఉన్నచోటనే ఉంచవలెనని రాసుకున్నాడు. సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి సింగరమ్మే ముక్కు అతికించింది. అది కాస్త ఎడమకు ఒరిగింది. ఆమెను పనిలోంచి తీయలేదు. గడ్డపార మాత్రం తీసుకుని మట్టి దులిపే కుంచె ఇచ్చారు.

లండనులో ఆ వ్యాసానికి గొప్ప మెప్పు వచ్చింది. మెప్పు ఉత్తరం అందిన రోజు నుంచి దొరకు తిండి సయించలేదు. చివరకు డేరా ఎత్తేసే నాడు ఆయన టోపీ తీసి, అమ్మ ఎదుట ఒక్కడే నిలబడి, అరగంటసేపు ఇంగ్లీషులో ఏదో చెప్పుకున్నాడు. దూరాన ఉన్న సింగరమ్మకు ఒక్క మాటా అర్థం కాలేదు. తిరిగి వచ్చాక ఆయన ఆమెనే అడిగి రెండు ముద్దల సంకటి తిన్నాడట.

నాటి నుంచి ఆదివారాల్లో భక్తులు ఒక్కొక్కరే అమ్మ ఎదుట నిలిచి, దాచుకున్న ఒక తప్పును చెప్పుకుంటారు. వంతు కోసం వేచి ఉన్నవారు పది గజాల అవతలి గీత దాటరాదు. ఏ భాషలో చెప్పినా అమ్మ వింటుంది. చెప్పుకుని వచ్చినవారికి సింగరమ్మ వంశంవారు జొన్న సంకటి ప్రసాదంగా పెడతారు. అలా తప్పు చెప్పుకున్నవారికి చేతిలో పని పోదని, కంటికి నిద్ర, నోటికి రుచి తిరిగి వస్తాయని ఇక్కడి నమ్మకం. పసిపిల్లల ముక్కుదిబ్బడ కూడా ఈ సన్నిధిలో తగ్గుతుందని తల్లులు చెబుతారు. అమ్మ ఆ బాధ ఎరిగినదే.