గుమ్మం మీది గడ్డి

ఎవరేమడిగినా కపూలె గురువు నోటితో జవాబు చెప్పేవాడు కాదు. ఏదో ఒక పని పురమాయించేవాడు. హవాయి దీవుల్లో ఇళ్లు కట్టించడం, కట్టిన ఇంటికి మంత్రం చదవడం ఆయన వృత్తి.

ఒక ఉదయం శిష్యుడు మహోయె అడిగాడు: "గురువుగారూ, నోహేయా మొగుడు సముద్రంలో పోయాడని ఊరందరికీ తెలుసు. ఆమె ఒక్కతే ఇంకా ఎదురుచూస్తోంది. నిజం చెప్పేయడం దయ కాదా?"

నోహేయా ఇల్లు మొగుడే కట్టాడు. కొండెక్కి ఓహియా కర్రలు కొట్టుకొచ్చి స్తంభాలు పాతాడు, చెట్ల నారతో తాళ్లు పేనాడు, పిలి గడ్డిని కింది నుంచి పైకి వరసలుగా కట్టి మూలలకు మొగలాకు కప్పాడు. గుమ్మం మీద గడ్డిని మాత్రం అక్కడి ఆచారం ప్రకారం కోయకుండా వేలాడనిచ్చాడు. అది ఇంటికి బొడ్డుతాడు. మంత్రం చదివి కోస్తేనే ఇల్లు పుట్టినట్టు. అప్పటిదాకా లోపల ఎవరూ పడుకోరు. ఆ వేడుకకు చేపలు తెస్తానని పడవెక్కినవాడు మళ్లీ రాలేదు. ఆయన వచ్చాకే కోయాలంటూ నోహేయా పక్కనున్న పడవల పాకలో తలదాచుకుంది. వానాకాలమంతా అక్కడే తడిసింది.

గురువు రాతి బాడిశ తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. "మంత్రం నీకూ వచ్చుగా. వెళ్లి కోసిరా."

మహోయె హుషారుగానే వెళ్లాడు. ఆ వయసులో ఎదుటివాళ్ల దుఃఖం తీర్చడం చిటికెలో పనిలా కనిపిస్తుంది. నోహేయా అతని చేతిలోని బాడిశ చూసింది.

"గురువుగారే పంపారా?"

"అవునమ్మా."

"అయితే ఇక రాడన్నమాట."

ఆమె పక్కకు జరిగింది. మహోయె గడ్డి వెనక చెక్క ఆనించి, మంత్రం చదువుతూ కొట్టాడు. ఆమె ఏడవలేదు. రాలిన గడ్డిని ఒళ్లోకి ఏరుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తెచ్చిన తిండి బయటే చల్లారిపోయింది.

నాకు ఆ కుర్రవాడి మీద జాలే. గురువు మీదే కోపం. ఆ పని ఆయన చేయాల్సింది.

సాయంత్రం మహోయె తిరిగొచ్చి బాడిశ కింద పెట్టాడు. "తలుపు తీయడం లేదు గురువుగారూ. ఇప్పుడేం చేయను?"

"వెళ్లి ఆ గుమ్మం బయట కూర్చో."

"ఎన్నాళ్లు?"

కపూలె మొదటిసారి నోటితోనే జవాబు చెప్పాడు.

"ఆమె కూడా నన్ను రోజూ అదే అడిగేది."