అడవికి పోయే కత్తి

చిత్రగిరి రాజు వీరభూపతికి ఉన్నట్టుండి అడవి మీద మనసు పోయింది. పల్లకీ లేకుండా, పరివారం లేకుండా పది రోజులు అడవిలో ఉంటాడట. కట్టెలు తనే కొట్టుకుంటాడట, వంట తనే వండుకుంటాడట. రాణి నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

"నడుముకి ఒక్క కత్తి చాలు," అన్నాడు రాజు సభలో. "అది చూడ్డానికీ బాగుండాలి, పనికీ రావాలి. నాకు నచ్చిన కత్తి ఎవరు చేస్తే కోటలోని కొలిమి వాళ్ళదే."

ఆ మాటతో కమ్మరి ఈరన్న గుండె జారిపోయింది. వాళ్ళ తాత నాటి నుంచీ ఆ కొలిమి వాళ్ళదే. దాని మీద కన్నేసినవాడు ఆస్థాన శిల్పి మణికంఠుడు. కత్తికీ నగకీ తేడా తెలియని మనిషి, కానీ మాట మాత్రం కోటలు దాటుతుంది.

వారం తిరిగేసరికి రెండు కత్తులూ సభకి వచ్చాయి.

మణికంఠుడు పట్టుగుడ్డ విప్పగానే సభంతా "ఆహా" అంది. దంతపు పిడి, దాని నిండా కెంపులూ పచ్చలూ, అలుగు మీద బంగారు నెమలి. ఈరన్న కత్తి గోనెగుడ్డలోంచి బయటికొచ్చింది. జానెడు అలుగు, దానికి కొలిమి నలుపు ఇంకా వదల్లేదు. చండ్రకర్ర పిడి.

"వంటింట్లోంచి ఎత్తుకొచ్చావా?" అన్నాడు మణికంఠుడు. సభ ఘొల్లుమంది. రాజు చూపు కెంపుల మీంచి కదలడం లేదు.

సింహాసనం పక్కన తమలపాకులకి సున్నం రాస్తున్న జగ్గన్నకి ఒళ్ళు మండింది. రాజుకి తాంబూలం అందించడం అతని కొలువు. పన్నెండేళ్ళుగా అతను వక్కలు కత్తిరిస్తున్న అడకత్తెర ఈరన్న చేసిందే. ఆ ఇనుమెలాంటిదో అతనికి తెలుసు. కానీ రాజుగారి మోజుకి అడ్డం చెబితే తన కొలువుకే ఎసరు.

అందుకని మణికంఠుడి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"శిల్పిగారూ, గెలుపు మీదేనని తేలిపోయింది. కానీ రేపెవడో పరీక్ష పెట్టకుండానే ఇచ్చేశారంటాడు. ఎవరి కత్తిని వాళ్ళు ముద్దుగానే వాడుకుంటారు కదా. ఒకరి కత్తితో ఒకరు దుంగ చీల్చండి. ఎంత గట్టిగా కొట్టినా అడిగేవాడు ఉండడు."

మణికంఠుడికి ఆ చివరి మాటొక్కటే చెవికెక్కింది. ఈరన్న కత్తిని అందరి ముందూ ముక్కలు చెయ్యొచ్చు!

"ముందు నేనే!" అన్నాడు. రాజు సరేనన్నాడు.

ఎండిన తుమ్మదుంగలు రెండు తెచ్చి పెట్టారు. మణికంఠుడు ఉత్తరీయం నడుముకి బిగించి, కావాలనే కణుపు మీద కొట్టాడు. దిగిన కత్తిని పైనుంచి ఇంకో కట్టెతో బాదాడు. చెమటలు కక్కుతూ మళ్ళీ బాదాడు. దుంగ నిలువునా చీలింది. అలుగు మీద చిన్న గాటు కూడా పడలేదు.

రాజు ఆ కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. పిడి మీద సన్నని తీగ చెక్కి ఉంది. ఇంతసేపూ దాన్ని ఎవరూ చూడలేదు.

"ఈ తీగెందుకోయ్ ఈరన్నా?"

"తడిచేతిలో జారకుండా ప్రభూ. ఎలాగూ గీతలు పెట్టాలి కదా అని, కాస్త అందంగా పెట్టాను."

రాజు "ఊఁ" అని పిడిని మరోసారి తడిమాడు.

ఇక ఈరన్న వంతు. రత్నాలు అరచేతికి గుచ్చుకుంటుంటే "అబ్బా" అనుకుని, పట్టు సరిచేసుకుని, సమ్మెట ఎత్తినట్టు కత్తిని తలపైకెత్తాడు.

"ఆగు! ఆగరా బాబూ!" మణికంఠుడు పరుగున వచ్చి దుంగ మీద బోర్లా పడ్డాడు. "కొట్టకు! రాళ్ళు ఊడిపోతాయి! పిడి పగిలిపోతుంది!"

"అదేమిటి శిల్పీ? అది కొట్టడానికి కాదా?" అన్నాడు రాజు.

"అది... అది చూడ్డానికి చేసిన కత్తి ప్రభూ!"

జగ్గన్న తాంబూలం చుట్టి రాజుకి అందిస్తూ, ఏమీ ఎరగనట్టు అన్నాడు:

"అయితే దాన్ని అడవికి తీసుకెళ్ళడం దేనికి ప్రభూ? అడవినే సభకి పిలిపిద్దాం. వచ్చి, చూసి వెళ్తుంది."

రాజు పడీపడీ నవ్వాడు. సభ అంతకన్నా గట్టిగా నవ్వింది. నవ్వుతూనే రాజు నల్లకత్తిని నడుముకి దోపుకుని, "కొలిమి నీదేనోయ్ ఈరన్నా!" అన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి జగ్గన్న మెడలో వేశాడు.

మణికంఠుడు ఇంకా దుంగని కావలించుకునే ఉన్నాడు. పాపం, ఈరన్నే చెయ్యి పట్టుకుని లేపాడు.